హారన్ వినపడని బాటలు: అనంతగిరి చుట్టూ మట్టి దారుల్లో సైకిల్ తొక్కడం ఎలా

హైదరాబాద్‌లో సైకిల్ కొనుక్కున్నవాళ్లు చాలామంది కొన్నాళ్లకు దాన్ని బాల్కనీలో పెట్టేస్తారు. తొక్కే ఓపిక లేక కాదు. వెనక బస్సు ఎంత దగ్గరికొచ్చిందో, పక్కన ఆటో ఎప్పుడు కట్ కొడుతుందో అని టెన్షన్ పడుతూ తొక్కితే ఏం సుఖం? ఔటర్ పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. కాళ్లకు అలవాటు చేయడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ చెట్ల మధ్య, గుట్టల మీద, గంటల తరబడి హారన్ వినకుండా తొక్కాలంటే పడమటికి 75-80 కిలోమీటర్లు వెళ్లాలి. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు, వాటి చుట్టూ వికారాబాద్, ధారూర్, కోట్‌పల్లి ఊళ్ల మధ్య అల్లుకున్న మొరం రోడ్లు, బండ్ల బాటలు. గ్రావెల్ సైక్లింగ్‌కు, అంటే మట్టి, మొరం దారుల్లో సైకిల్ తొక్కడానికి, నగరం దగ్గర నేను మొదట చెప్పే చోటు అదే.

కొత్తవాళ్లు ఎక్కువగా అడిగేది ఏ సైకిల్ కొనాలని. నేనైతే ముందు దారి గురించి మాట్లాడతాను. మంచి దారి దొరికితే మామూలు హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్య రకం) మీదైనా రోజంతా హాయిగా తిరగొచ్చు. దారి తప్పుగా ఎంచుకుంటే ఎన్ని లక్షల సైకిలైనా టిప్పర్ వెనక దుమ్ము తింటూ పోవాల్సిందే.

ఇంటి గుమ్మం నుంచి తొక్కొద్దు

వికారాబాద్‌కు మామూలు దారి బీజాపూర్ రోడ్డు, అంటే 163వ నంబరు జాతీయ రహదారి. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా పోతుంది. రెండు పక్కలా ఉన్న పాత మర్రిచెట్లు చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ అది భారీ వాహనాల రోడ్డు, సైకిల్‌కు అక్కడ జాగా లేదు. మర్రిచెట్లను కారులోంచే చూడండి.

ముందు చక్రం, అవసరమైతే వెనక చక్రం కూడా తీసేస్తే చాలా సైకిళ్లు మామూలు కారు వెనక సీటులో పట్టేస్తాయి. చెయిన్ ఉన్న వైపు పైకి వచ్చేలా, కింద పాత దుప్పటి వేసి పెట్టండి. డిస్క్ బ్రేక్ ఉంటే చక్రం తీశాక బ్రేకు లివర్ నొక్కొద్దు. ప్యాడ్లు దగ్గరికొచ్చేసి చక్రం మళ్లీ ఎక్కదు. ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెడితే ఆ బెడద ఉండదు.

వికారాబాద్ రైల్వే జంక్షన్ కాబట్టి రైలు కూడా ఉంది. అయితే సైకిల్‌ను లగేజీగా బుక్ చేయడం, దింపుకోవడంలోనే పొద్దెక్కిపోతుంది. ఒక్కరోజు ప్రయాణానికి కారే నయం. ఊళ్లో కారు ఆపేటప్పుడు ఏ హోటల్ ముందో ఆగి, టీ తాగి, "అన్నా, పొద్దుగూకే లోపల వస్తం, బండి ఇక్కడ పెట్టుకోవచ్చా?" అని అడగండి. చెప్పకుండా పెట్టిన కారు ఎవరికి అడ్డమైనా చిక్కే. చెప్పి పెడితే దానిమీద ఒకరి కన్ను ఉంటుంది.

మ్యాప్ ముందు ఒక సాయంత్రం కూర్చోండి

వెళ్లే వారానికి ముందే ఈ పని చేయాలి. గూగుల్ మ్యాప్‌లో సాటిలైట్ వ్యూ తెరవండి. రోడ్డు పేర్లు, గీతలు కాసేపు మర్చిపోయి కేవలం నేల రంగు చూడండి. అనంతగిరి పరిసరాల్లో గుట్టల మీద ఎర్రటి రాతినేల ఉంటుంది, పల్లంలో నల్లరేగడి. ఎర్ర నేల మీది బాట పైనుంచి చూస్తే కుంకుమ గీతలా స్పష్టంగా కనిపిస్తుంది. వాన పడ్డా తొందరగా ఆరుతుంది. నల్లరేగడిలో బాట బూడిద రంగులో ఉంటుంది. ఎండాకాలంలో గట్టిగానే ఉంటుంది గానీ ఒక్క వాన పడితే చాలు, మట్టి టైరుకు చుట్టుకుని చక్రం తిరగదు. అప్పుడు సైకిల్‌ను భుజాన మోయడం తప్ప దారి లేదు. అందుకే వానాకాలంలో ఎర్ర గీతలనే కలుపుకుంటూ పోవాలి.

బాటను బాగా దగ్గరికి జూమ్ చేసి చూడండి. రెండు సమాంతర గీతలు, మధ్యలో పచ్చటి గడ్డి చార కనిపిస్తే అది ట్రాక్టర్ పోయే బాట. మనకు కావాల్సింది అదే. ఒక్కటే సన్నగీత వంకరలు తిరుగుతూ పోతుంటే అది గొర్ల బాటో, కాలిబాటో. వెడల్పుగా, తెల్లగా, గీత గీసినట్టు పోతూ చివర తెల్లటి మచ్చలో కలిస్తే అది క్వారీ దారి. ఎంత నున్నగా ఉన్నా దాని జోలికి పోవద్దు, టిప్పర్లు తిరుగుతాయి. తాండూరు వైపు పెద్ద రోడ్ల మీద నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. ఆ రోడ్డును దాటాల్సి వస్తే అడ్డంగా దాటి అవతలి మట్టిబాట ఎక్కేలా గీసుకోండి. దాని వెంట పోయేలా మాత్రం వద్దు.

చాలా బాటలు ఏదో ఒక బావి దగ్గరో, చేను గట్టు దగ్గరో ఆగిపోతాయి. అందుకే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కలిసే బాటలనే మొదట వెతకండి. పాత రోజుల్లో ఎడ్లబండ్లు ఊరికీ ఊరికీ మధ్య తిరిగిన దారులివి. తారు రోడ్డు ఇంకోవైపు పడ్డాక వీటిని రైతులు తప్ప ఎవరూ వాడడం లేదు. ట్రాఫిక్ లేని సైక్లింగ్‌కు అసలు ఆధారం ఇవే.

మొదటిసారికి 30-35 కిలోమీటర్ల చుట్టు చాలు. తారు మీద 60 తొక్కేవాళ్లకు కూడా ఇదే నా మాట. మట్టిలో, ఎత్తుపల్లాల్లో కొత్తవాళ్ల సగటు వేగం గంటకు 12-15 కిలోమీటర్లు దాటదు. ఆగి దారి అడగడం, ఫొటోలు, పంక్చర్లు కలిపితే సగం రోజు పడుతుంది. చుట్టులో కనీసం రెండు చోట్ల తారు రోడ్డు ఎక్కి వెనక్కి వచ్చే వీలు ఉంచుకోండి. గీసిన దారిని జీపీఎక్స్ ఫైలుగా (మ్యాప్ యాప్‌లు చదివే దారి ఫైలు) ఫోన్‌లో దించుకుని, ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా పెట్టుకోండి. గుట్టల మధ్య సిగ్నల్ పోతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నెట్‌లో దొరికే పాత సైకిల్ రూట్లలో చాలావాటికి పూడూరు దగ్గరి దామగుండం అడవి గుండా దారి ఉంటుంది. అక్కడ, చాలామంది రాడార్ స్టేషన్ అనే నౌకాదళం వీఎల్ఎఫ్ రేడియో స్టేషన్‌కు 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది, దానికి 2,900 ఎకరాల దాకా అటవీ భూమి ఇచ్చారు. ఎంతోమంది సైకిల్ తొక్కడం నేర్చుకున్న అడవి అది, మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా ఆ పాత రూట్లను నమ్ముకుని అటు పోవద్దు.

అడవి ఎవరిదో తెలుసుకోండి

రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం అటవీ చట్టం ప్రకారం నేరం. "అందరూ పోతున్నారు కదా" అన్నది సమాధానం కాదు. అడవి అంచున పోయే ఊరి రోడ్లు, అడవి మధ్యగా ఒక ఊరిని ఇంకో ఊరితో కలిపే రోడ్లు మనకు చాలు. లోపలి బాట తొక్కాలని ఉంటే ముందే అటవీ శాఖ వాళ్లను కలిసి అడగండి. అనంతగిరిలో నడిచేవాళ్ల కోసం ఉన్న ట్రెక్కింగ్ దారిలో సైకిల్ దించొద్దు. పిల్లలతో వచ్చే కుటుంబాలుంటాయి, మలుపుల్లో ఎదురు కనపడదు.

ఫిబ్రవరి నుంచి టేకు ఆకు రాలి నేలంతా ఎండుటాకులే. అప్పుడు ఒక్క అగ్గిపుల్ల చాలు గుట్టంతా కాలడానికి. పొయ్యి వెలిగించడాలు, సిగరెట్లు వద్దే వద్దు.

సైకిల్, టైర్లు, గాలి

సైకిల్‌లో చూడాల్సింది ముఖ్యంగా టైరు వెడల్పు. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేమ్ ఉంటే అది గ్రావెల్ బైక్ అయినా, హైబ్రిడ్ అయినా సరే. 28 మిల్లీమీటర్ల రోడ్డు టైర్లతో మొరం మీదికి రావద్దు, రిమ్ము దెబ్బతింటుంది. మౌంటెన్ బైక్ ఉంటే నిశ్చింతగా తీసుకురండి, కాస్త నెమ్మదిగా పోతుంది అంతే. రెండోది గేర్లు. పెడళ్ల దగ్గరి పళ్లచక్రంలో పళ్ల సంఖ్య, వెనక పళ్లచక్రంలో పళ్ల సంఖ్య సమానమయ్యేంత తేలిక గేరు ఒకటైనా ఉండాలి. వదులు రాళ్ల ఎత్తులో లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది కాబట్టి కూర్చునే ఎక్కాలి, దానికి తేలిక గేరు కావాలి.

ఇక గాలి. ఎక్కువమంది టైరును రాయిలా గట్టిగా కొట్టించుకుని వస్తారు. తారు మీది అలవాటు అది. మొరం మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, పట్టు ఉండదు, గంటలో మణికట్లు తిమ్మిరెక్కుతాయి. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో ట్యూబ్ ఉంటే 40-45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ లేని టైరు) అయితే 30-35 దగ్గర మొదలుపెట్టండి. ముందు చక్రంలో వెనకదానికన్నా రెండు మూడు పీఎస్ఐ తక్కువ ఉంచండి. తొక్కుతుంటే రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వస్తే కొంచెం పెంచండి. గేజ్ ఉన్న చేతి పంపు తప్పకుండా ఉండాలి. ఊళ్లో పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టిస్తే ఒక్క క్షణంలో ఎక్కువైపోతుంది. పైగా చాలా సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వ్‌కు ఆ నాజిల్ పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి పర్సులో పడేసుకోండి.

పల్లేరు కాయల సంగతి

ఈ నేల మీద పంక్చర్ అంటే మేకు కాదు, ముల్లు. తుమ్మ ముల్లు, సర్కారు తుమ్మ ముల్లు, రేగు ముల్లు అన్నీ ఉంటాయి. అన్నిట్లోకీ పెద్ద తలనొప్పి పల్లేరు కాయ. శనగగింజంత ఉంటుంది, ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. బాట అంచున నేలకు అంటుకుని పసుపు పూలతో పాకే తీగ కనిపిస్తే అదే పల్లేరు. ట్రాక్టర్ టైరు తొక్కిన చాలులోనే పోతే ఈ కాయలు తక్కువ తగులుతాయి, అంచుకు జరిగారో పది గుచ్చుకుంటాయి. కంది కోసిన చేను గుండా పోవద్దు. కోసిన మొదళ్లు నేలలో సూదుల్లా నిలబడి టైరు పక్క గోడను చీలుస్తాయి.

ట్యూబ్ ఉన్న టైరుకు పంక్చర్ అయితే ఇలా చేయండి. చక్రం విప్పి, టైరును ఒక పక్క లేపి ట్యూబ్ లాగండి. కొత్త ట్యూబ్ ఎక్కించే తొందరలో ఉండొద్దు. ముల్లు మొన విరిగి టైరు లోపలే ఉంటుంది, కంటికి కనపడదు. జేబురుమాలో దూదిముక్కో తీసుకుని టైరు లోపలి వైపు మెల్లగా చుట్టూ తిప్పండి. ఎక్కడ ముల్లుందో అక్కడ దారం పట్టుకుంటుంది. అక్కడ బయటి నుంచి బొటనవేలితో వంచి నొక్కితే మొన లేస్తుంది, పట్టకారుతోనో గోళ్లతోనో లాగేయండి. ఒకసారి తిప్పి ఆపొద్దు, రెండో చుట్టు కూడా తిప్పండి. పల్లేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు. ఆ తర్వాత కొత్త ట్యూబ్‌కు కొంచెం గాలి పెట్టి ఎక్కించండి.

ట్యూబ్‌లెస్‌లో సీలెంట్ (రంధ్రాన్ని తనే మూసే ద్రవం) ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు. ముల్లు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే అదే మూసుకుంటుంది. అయితే మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండుతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ఏ పద్ధతైనా రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు లివర్లు, పంపు, చెయిన్ లింక్ దగ్గర ఉండాలి.

దారి ఎవర్ని, ఎలా అడగాలి

మ్యాప్ ఎంత చూసినా ఆఖరి మాట ఊరివాళ్లదే. కానీ అడిగే తీరు ఉంది. "ఈ దారిలో బండి పోతుందా?" అంటే "పోతది" అంటారు, నిజమే చెప్తారు. వాళ్ల లెక్కలో బండి అంటే మోటారు సైకిల్, అది ఒర్రెలోంచి (చిన్న వాగులోంచి) కూడా లాగేస్తుంది. నేను అడిగేవి ఇవి: "ఈ బాట అవతలి ఊరికి ఎక్కుతదా, చేన్లనే ఆగుతదా?" "ట్రాక్టర్ పోతదా?" "నడుమ ఒర్రె ఉన్నదా, నీళ్లున్నయా?" ఈ మూడింటికీ జవాబు వస్తే మీకు దారి తెలిసినట్టే.

అన్నిటికన్నా కచ్చితంగా చెప్పేది గొర్లు కాసేవాళ్లు. గుట్ట మీద ఏ మలుపులో ఏ రాయుందో వాళ్లకు తెలుసు. సైకిల్ దిగి, హెల్మెట్ తీసి అడగండి. నీళ్లు కావాలా అని వాళ్లే అడుగుతారు. పొలాల్లో పనిచేసే పెద్దమ్మలు "ఎందుకు బిడ్డా గింత ఎండల తిరుగుతున్నవ్, బస్సు లేదా?" అంటారు. రెండు నిమిషాలు ఆగి మాట్లాడండి. ఆ బాటలు వాళ్లవి, మనం చుట్టాలం. బాటకు అడ్డంగా ముళ్లకంప పెట్టి ఉంటే అది పశువుల కోసం, అడిగి తీసి మళ్లీ అలాగే పెట్టి పోవాలి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీద చక్రం పోనివ్వొద్దు, దిగి పక్కన నడవండి.

తొక్కేటప్పుడు

ఎత్తు ఎక్కేటప్పుడు కూర్చుని, ఒంటిని కాస్త ముందుకు వంచి, తేలిక గేరులో ఒకే లయలో తొక్కండి. దిగేటప్పుడు పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా, నడుము సీటు వెనక్కి, మోచేతులు వదులుగా. బ్రేకు మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో ముందు బ్రేకు నొక్కితే పడిపోతారు. అనంతగిరి ఎర్రమట్టి రోడ్ల మీద గుండ్రటి చిన్న రాళ్లు పరుచుకుని ఉంటాయి. ఎండలో గట్టి నేలలాగే కనిపిస్తాయి, చక్రం కింద మాత్రం దొర్లుతాయి. చూపు చక్రం ముందు కాకుండా పది పన్నెండు మీటర్ల దూరంలో పెట్టండి. ఇసుక తగిలితే హ్యాండిల్ బిగించొద్దు, తిప్పొద్దు, తొక్కుతూనే ఉండండి.

గొర్ల మంద ఎదురైతే దిగి పక్కన నిలబడండి. ఒక్కటి బెదిరినా మందంతా చెదురుతుంది, తిరిగి కూడేసే పని కాపరిది.

కుక్కల భయం చాలామందికి ఉంటుంది, ఉండాలి కూడా. ఊరి మొదట్లో వేగం తగ్గించండి. వెంటపడితే పారిపోవద్దు. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకుని గట్టిగా గదిమి మెల్లగా నడవండి. చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కరిచినా, పన్ను గీరినా వెంటనే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. చుట్టు పూర్తి చేశాక చూద్దాం అనుకోవద్దు.

దీనికన్నా ప్రమాదం ఇంకొకటుంది, దాని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. అడవి పందుల కోసం కొన్ని చోట్ల చేల చుట్టూ కరెంటు తీగలు కడతారు. చీకట్లో అవి కనపడవు. అందుకే తెల్లవారాకే మట్టి బాట ఎక్కండి. చీకటి పడకముందే తారు మీదికి వచ్చేయండి. అడ్డదారి అని చేలల్లోంచి పడొద్దు. వానాకాలంలో వాగు లెవెల్ వంతెన మీదుగా పారుతుంటే నీళ్లు ఎంత తక్కువగా కనిపించినా దాటొద్దు. వెనక్కి తిరగండి.

ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

బతుకమ్మ రోజుల నుంచి సంక్రాంతి దాకా అన్నిటికన్నా మంచి కాలం. మొదట్లో బాట పక్కన తంగేడు, గునుగు పూసి ఉంటాయి, వాగుల్లో నీళ్లుంటాయి, దుమ్ము లేవదు. కాస్త ఆగితే సీతాఫలాలు. డిసెంబర్, జనవరిలో వికారాబాద్‌లో నగరంకన్నా చలి ఎక్కువ, పొద్దున పొగమంచు కూడా పట్టొచ్చు. వెనక లైటు వేసుకోండి. హోలీకి కొంచెం ముందు మోదుగ పూసినప్పుడు గుట్టలు చూసి తీరాలి, అయితే పది గంటలకల్లా ముగించేలా. ఏప్రిల్, మేలలో వద్దు. ఆదివారాలు, అందులోనూ వానాకాలం ఆదివారాలు అనంతగిరి ఘాట్ రోడ్డు, కోట్‌పల్లి ప్రాజెక్టు కార్లతో నిండిపోతాయి. కుదిరితే మామూలు రోజు, లేకపోతే శనివారం పొద్దున్నే.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చిక్కీలు, అరటిపళ్లు. ఊళ్లో హోటళ్లలో ఇడ్లీ పొద్దున తొమ్మిదింటికే అయిపోతుంది, ఆ తర్వాత మిర్చి బజ్జీలే. హెల్మెట్, వేళ్లకు గ్లోవ్స్, కళ్లద్దాలు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి. ఇంట్లో ఒకరికి దారి ఫైలు పంపి, ఎన్నింటికి తిరిగి వస్తారో చెప్పండి. 108 నంబరు అందరికీ తెలిసిందే, కానీ మీరున్నది ఏ ఊరి పక్కనో చెప్పగలగాలి. అందుకే దాటిన ప్రతి ఊరి బోర్డూ ఒకసారి చూసుకుంటూ వెళ్లండి.

తిరిగొచ్చాక

ఎర్రమట్టి దుమ్ము చెయిన్‌లో నూనెతో కలిస్తే పళ్లను అరగదీస్తుంది. అదే రోజు సాయంత్రం పాత బనియన్ గుడ్డతో తుడిచి, కొత్త నూనె చుక్క చుక్కగా వేసి, పైపైన మిగిలింది మళ్లీ తుడవండి. ప్రెషర్ పైపుతో కడిగితే బేరింగుల్లోకి నీళ్లు పోతాయి, బకెట్ నీళ్లు చాలు.

తర్వాత మ్యాప్ తెరిచి ఏ బాట అవతలి ఊరికి ఎక్కింది, ఏది బావి దగ్గర ఆగింది, ఎక్కడ ఒర్రె అడ్డం వచ్చింది, ఏ ఊళ్లో టీ దొరికింది అన్నీ గుర్తులు పెట్టండి. ఊళ్లను కలిపే బాటలైతే ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మొరమా, నల్లమట్టా అని రాసి చేర్చండి. ఒకరి పొలంలోకి మాత్రమే పోయే బాటను మాత్రం చేర్చొద్దు. రేపు యాభై మంది అదే దారిలో ఆ రైతు చేలోకి దిగుతారు.